జావా, యెజ్డీ బండ్ల అసలు విడిభాగాలు: సేకరణ, పరీక్ష, అమ్మకం

జావా, యెజ్డీ మోటారుసైకిళ్లు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. కనుక ఈ బండ్లకు ఇప్పుడు దొరికే సామాను మూడు రకాలు: ఆనాడు అమ్ముడుపోకుండా మిగిలిన పాత స్టాకు, విప్పిన బండ్ల నుంచి తీసినవి, తర్వాత తయారైన డూప్లికేట్లు. 2018లో జావా పేరుతో మళ్లీ వచ్చిన బండ్ల ఇంజను పూర్తిగా వేరు. వాటి భాగాలు వీటికి పనికిరావు.

అనంతపురం ప్రాంతంలో వాన తక్కువ కాబట్టి, అటకల మీద దశాబ్దాలుగా పడి ఉన్న ఇనుప సామాను కూడా ఇక్కడ తుప్పు పట్టకుండా దొరికే అవకాశం ఎక్కువ. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరంలోని పాత స్పేర్‌పార్ట్స్ దుకాణాలనూ, పెద్దవయసు మెకానిక్కుల షెడ్లనూ, గుజిరీ అంగళ్లనూ ఓపికగా తిరగాలి. ఫలానా భాగం ఉందా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. జావా సామాను ఏదున్నా చూపించండని అడిగితే, యజమాని కూడా మరచిపోయిన డబ్బాలు కిందికి దిగుతాయి.

కొనేముందు, మిల్లీమీటరులో భాగాల వరకూ కొలిచే వెర్నియర్ కాలిపర్ తప్పక దగ్గర ఉంచుకోవాలి. 250 సీసీ ఇంజనుకు బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75. పిస్టన్ తలమీద ఓవర్‌సైజు అంకె (మామూలు కొలత కన్నా ఎంత పెద్దదో చెప్పేది) ఉంటే దాన్ని చదివి, కొలిచి, రెండూ సరిపోయాకే డబ్బు ఇవ్వాలి. ఈ బండికి గేరు మార్చే కడ్డీయే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. రెండు పనులూ ఒకటే చేయడం వల్ల దాని లోపలి పళ్లు త్వరగా అరుగుతాయి. అందుకే వెలుతురులో పట్టుకుని ఒక్కొక్క పన్నూ చూడాలి: అంచు పదునుగా, పక్కలు సమానంగా ఉంటే మంచిది, పన్ను ఒకవైపుకు వాలి మొన తేలితే ఎంత మెరుస్తున్నా వదిలేయాలి. మెరుపును నమ్మి నేనొకసారి ఒక వ్యాపారి దగ్గర పాలిష్ పట్టిన డూప్లికేట్ కార్బొరేటర్‌ను అసలు ధరకు కొన్నాను. శుభ్రం చేయడానికి కిరసనాయిలు, గుడ్డ చాలు. ఇనుప బ్రష్షుతో రుద్దితే తయారీ గుర్తులు చెరిగిపోతాయి, వాటితోపాటు సామాను విలువా పోతుంది.

రబ్బరు విషయంలో నేను రాజీపడను. పాత స్టాకు ఆయిల్ సీళ్లు ప్యాకింగులోనే ఉన్నా గట్టిపడి ఉంటాయి. పెట్రోలులోనే ఆయిలు కలిపి వాడే ఈ టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు సీలు (క్రాంకు షాఫ్టు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం) గాలి లాగితే మిశ్రమంలో పెట్రోలూ ఆయిలూ తగ్గి పిస్టన్ బిగుసుకుపోతుంది, నడుపుతున్న మనిషి కింద పడొచ్చు. అటువంటివి వాడకానికి అమ్మకూడదు; కొత్త సీలు వేసుకోమని కొన్నవారికి చెప్పాలి.

నంబరు ఉన్న క్రాంక్‌కేసును (ఇంజను కింది పెట్టెను) గానీ ఫ్రేమును గానీ ఆర్‌సీ చూడకుండా కొనవద్దు. నంబరు దగ్గర రుద్దిన జాడ కనిపిస్తే బేరమే ఆడవద్దు.

అమ్మేటప్పుడు కొలతలతో, లోపాలు కనిపించే ఫోటోలతో వివరం రాయండి. డూప్లికేట్ అయితే బిల్లు మీదే ఆ మాట ఉండాలి, ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. పార్శిలు పంపేముందు సిలిండరు రెక్కల మధ్య అట్టముక్కలు పెట్టి, మొత్తం గోనెగుడ్డలో చుట్టండి. ఒక రెక్క విరిగినా సిలిండరు వెనక్కి వస్తుంది.