జేజికి పుర్రె బొమ్మ పంపే ముందు

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో కళ్యాణదుర్గంలో ఉండే మా అమ్మ (పిల్లలకు జేజి, అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ) నుంచి బెంగళూరులో చదివే మా పాప దాకా అందరూ ఉన్నారు. ఎవరు పెట్టిన ఎమోజీ బొమ్మకు ఏమి అర్థమో అటూ ఇటూ చెప్పే పని నాది. మీ ఇంట్లో ఆ పని మీ మీద పడితే ఇలా చేయండి.

ముందు పిల్లలతో మాట్లాడండి. వాళ్లు పుర్రె పెడితే ‘నవ్వలేక చచ్చిపోయా’ అని. భోరున ఏడ్చే ముఖాన్ని కూడా చాలాసార్లు నవ్వుకే వాడతారు. జేజికి మాత్రం పుర్రె అంటే పుర్రే. వానల్లేక శనక్కాయ పంట ఎండిపోయిందని మా తమ్ముడు పొలం ఫొటో పెడితే, కింద ఒట్టి ఏడుపు ముఖం చాలదు. అది బాధో ఎగతాళో వాడికెట్లా తెలుస్తుంది? బొమ్మ పక్కన రెండు మాటలు రాయమనండి.

పెద్దవాళ్లకు కూడా చెప్పాల్సింది ఉంది. మనం ‘సరే, చూశాను’ అని బొటనవేలు పెడతాం. పిల్లలకు అది మాట తుంచేసినట్టు ఉంటుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది నవ్వి నవ్వి కళ్లనీళ్లు కారే ముఖాన్నే. మా పాప ఇప్పుడు దాన్ని ‘పెద్దోళ్ల నవ్వు’ అంటుంది. పైగా యూనికోడ్ సంస్థ ప్రతి ఎమోజీకి ఒక నంబరు, పేరు ఇస్తుందే గానీ, బొమ్మను ఏ కంపెనీకి ఆ కంపెనీ గీసుకుంటుంది. అందుకే ఒకే ముఖం రెండు ఫోన్లలో వేరుగా కనిపించొచ్చు.

మీమ్స్ అయితే బ్రహ్మానందంతో మొదలుపెట్టండి. ఆయన ముఖం జేజికి సినిమాల నుంచి తెలుసు, మనవరాలికి స్టిక్కర్లలో తెలుసు. ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. నచ్చిన స్టిక్కర్ మీద నొక్కి ఫేవరెట్స్‌లో చేర్చి ఇవ్వండి. చిన్న అక్షరాలు కనబడని మా అమ్మకు ఇది నిజంగా వరం. మనవరాలు పరీక్ష పాసయిందంటే ఆమే ముందు పంపుతుంది.

చావు, ఆసుపత్రి, అప్పు సంగతులకు స్టిక్కర్ వద్దు, ఫోన్ చేయాల్సిందే. వెంటనే ఫోన్ చేసే వీల్లేకపోతే, కీబోర్డులో తెలుగు పెట్టుకొని మైక్ నొక్కి మెల్లగా చెబితే అక్షరాలు అవే పడతాయి: “చిన్నాయనా, పంట ఫొటో చూసినా. సాయంత్రం ఫోన్ చేస్తా.”