పొట్టి రెక్కల పెంకు పురుగును గుర్తుపట్టడం

రంగు చూసి పురుగు పేరు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత విశాఖపట్నం ఎండాడలో ఉంటున్నాను. వానలు పడగానే ఇరుగుపొరుగు పిల్లలు ఫోనులో పురుగుల ఫొటోలు తెచ్చి చూపిస్తారు. ఎక్కడ దొరికిందని అడిగితే నీళ్లు నములుతారు. ఈ పొట్టి రెక్కల పెంకు పురుగు, అంటే రోవ్ బీటిల్ విషయంలో ముందు చోటు చూడాలి, తరువాత ఆకారం. రంగు అన్నిటికంటే చివర.

కంబాలకొండ అభయారణ్యంలో అయితే చూడండి, ఫొటో తీసుకోండి, అంతే. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడి నుంచి పురుగును కూడా తేకూడదు. వెతకడం నేర్చుకోవడానికి మీ పెరట్లో మామిడి చెట్టో జీడిమామిడి చెట్టో ఉంటే చాలు. చేతులకు తొడుగులు వేసుకోండి, ఆకుల కింద తేళ్లు, జెర్రులు ఉంటాయి. పైనున్న ఎండుటాకులను పక్కకు తీస్తే, తడిగా, నల్లగా, సగం కుళ్లిన పొర కనిపిస్తుంది. దాన్ని పెద్ద కన్నాల జల్లెడలో వేసి తెల్లటి గుడ్డ మీద జల్లించండి. ఇక్కడే చాలామంది తొందరపడి గుడ్డ దులిపేస్తారు. పురుగులు మొదట బిగుసుకుని మట్టి రేణువుల్లో కలిసిపోతాయి. కాసేపు కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే పరుగందుకుంటాయి. కుళ్లిన దుంగల బెరడు కింద, పుట్టగొడుగుల మీద, పేడలో కూడా ఇవి ఉంటాయి.

ఇప్పుడు భూతద్దం తీయండి. మామూలు పెంకు పురుగుకు గట్టి ముందు రెక్కలు పొట్టనంతా కప్పుతాయి. దీనికి మాత్రం బొడ్డు దాకా రాని చొక్కా తొడిగినట్టు అవి సగంలోనే ఆగిపోతాయి, పొట్ట కట్లన్నీ బయటే ఉంటాయి. అలాగని ఎగరలేదనుకోకండి. ఆ పొట్టి పెంకుల కింద పొడవైన పల్చటి రెక్కలు మడతపడి ఉంటాయి. కుడి రెక్క మడత ఒక తీరు, ఎడమ రెక్క మడత మరో తీరు. వాలాక పొట్టను పైకి వంచి రెక్కలను లోపలికి నెట్టుకోవడం చూడగలిగితే మీ అదృష్టం. నా మటుకు పురుగుల లోకంలో అంతకంటే ముచ్చటైన పని లేదు. బెదిరినప్పుడు కూడా అదే పొట్టను తేలులా ఎత్తుతుంది కానీ, కొండి లేదు.

చీమ అని పొరబడితే నడుము చూడండి. చీమకు సన్నటి నడుము, మోచేతిలా వంగిన మీసాలు ఉంటాయి. దీనికి ఆ నడుము లేదు, మీసాలు పూసలు గుచ్చినట్టుంటాయి. తోక చివర పటకారు ఉంటే అది ఇయర్‌విగ్ అనే వేరే పురుగు.

స్టాఫిలినిడే అనే ఈ కుటుంబంలో 60,000కు పైగా జాతులున్నాయి. చాలా వాటిని విడదీయాలంటే మగ పురుగును కోసి జననాంగాలు చూడాలి. కాబట్టి ఒక్క ఫొటోతో జాతి పేరు అంటగట్టకుండా కుటుంబం దగ్గర ఆగండి. దాని బతుకు తెలుసుకోవడం అంతకంటే మేలు. ఎక్కువ భాగం వేటగాళ్లే. పేడలో, కళేబరాల్లో కనిపించేవి చాలావరకు అక్కడి ఈగల పిల్లపురుగుల కోసం వచ్చినవే. అలియోకారా అనే ప్రజాతి పిల్లపురుగులు ఏకంగా ఈగ ప్యూపాలోకి, అంటే పిల్లపురుగు ఈగగా మారే గూటిలోకి దూరి దాన్ని తినేస్తాయి.

రంగు పనికొచ్చే సందర్భం ఒకటుంది. నారింజ రంగు ఒళ్లు, నల్లటి తల, నీలంగా మెరిసే పొట్టి పెంకులు, పొట్ట చివర నలుపు, సెంటీమీటరుకు లోపు పొడవు ఉంటే అది పేడెరస్ అనే రోవ్ బీటిల్ ప్రజాతి. వరి చేలలో సుడిదోమను తినే రైతు నేస్తం. వానాకాలం రాత్రుళ్లు దీపాలకు ఇళ్లలోకి వస్తుంది. కుట్టదు, కరిచి బాధపెట్టదు. ఒంటి మీద నలిపితేనే దాని రక్తంలోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. ఆ విషాన్ని తయారుచేసేది పురుగు కాదు, దాని ఒంట్లో ఉండే బాక్టీరియా. మంట, పొక్కులు మర్నాడో ఆ తరువాతో తేలతాయి కాబట్టి, జనం సాలీడు పాకిందని అనుకుంటారు. మెడ మీద వాలితే చరచకండి, ఊదండి, లేదా కాగితం మీదికి ఎక్కించుకుని బయట వదలండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడిగి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి. కంటికి తగిలితే నీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి.