గాలి లెక్కలు – 3: లీకేజీని గడియారంతో పట్టుకోవడం

పోయిన పాఠంలో రాసుకొమ్మన్న అంకెలు దగ్గర పెట్టుకోండి: నేమ్‌ప్లేటు మీది సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందో ఆ అంకె), కంప్రెసర్ లోడ్ అయ్యే (గాలి నింపడం మొదలుపెట్టే) ప్రెషరు, అన్‌లోడ్ అయ్యే (నింపడం ఆపి ఊరికే తిరిగే) ప్రెషరు. అవి లేనివాళ్ళు ముందు కంప్రెసర్ రూముకు పోయి రండి.

భూపాలపల్లి అయినా గోదావరిఖని అయినా బొగ్గు బాయి లెక్క ఒకటే. కంప్రెసర్ పైన, డ్రిల్లు ఎక్కడో కింద స్టోన్ డ్రిఫ్టులో (రాతిలో తవ్వే సొరంగంలో). నడుమ పైపులు, జాయింట్లు, హోసులు. నీళ్ళ పైపు కారితే బురద అవుతుంది, కాలు జారినోడు ఫిట్టర్‌ను తిడతాడు. గాలి కారితే ఎవరూ తిట్టరు. ఉక్కపోతలో దాని పక్కనే కూర్చొని సద్ది తింటారు. నేను చేసిన ఒక బాయిలో చల్లగా ఉంటదని హోసు కప్లింగును కావాలనే వదులు చేసేవాళ్ళు. వాళ్ళను ఏమనలేం గానీ, 7 బార్ల దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లు సుమారు 4 కిలోవాట్ల కరెంటు తాగుతుంది. అంత కరెంటుతో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయో మీరే లెక్కేసుకోండి.

ఇక పరీక్ష. బాయి బందున్న ఆదివారం అయితే మంచిది. మేనేజర్‌కు చెప్పి, డ్రిల్లుల దగ్గర కాక్‌లు అన్నీ కట్టేయండి. మెయిన్ లైను వాల్వులు మాత్రం తెరిచే ఉండాలి. గాలి వాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, కంప్రెసర్ ఒకసారి నింపి అన్‌లోడ్ అయ్యాక మళ్ళీ లోడ్ కావద్దు. అయిందంటే ఆ గాలంతా లీకేజీయే. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, లోడ్ మీద ఎన్ని సెకన్లు, అన్‌లోడ్ మీద ఎన్ని సెకన్లు ఉందో ఐదు రౌండ్లు రాసి సగటు తీయండి. (వేగం మార్చుకునే వీఎఫ్‌డీ మెషీన్‌కు ఈ పద్ధతి కుదరదు.)

లోడ్ టైమును మొత్తం టైముతో భాగించండి. 90 సెకన్లు లోడ్, 270 అన్‌లోడ్ అనుకుందాం: 90 బై 360, అంటే 25 శాతం. బాగా చూసుకునే లైనులో ఇది 10 లోపే ఉండాలి. మెషీన్ 300 సీఎఫ్ఎం అయితే 75 గాలికే పోతోంది. 7 బార్ల దగ్గర 100 సీఎఫ్ఎంకు ఇంచుమించు 18 కిలోవాట్లు పడతాయి. అంటే 13.5 కిలోవాట్లు, లైనులో రోజంతా గాలి ఉంటే 324 యూనిట్లు.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కింద డ్రిల్లు బలంగా కొట్టట్లేదని పైన సెట్టింగ్ పెంచుతారు. ఒక్క బార్ పెంచితే కరెంటు 7 శాతం దాకా పెరుగుతుంది, చిల్లుల్లోంచి పోయే గాలీ పెరుగుతుంది. డ్రిల్లు మాత్రం ఎప్పటిలాగే మూలుగుతుంది.

చిల్లు ఎక్కడుందో తెలియాలంటే ఒక్కో పానెల్ (బాయిలో పని జరిగే ఒక్కో భాగం) వాల్వు కట్టి మళ్ళీ టైము చూడండి. ఏది కడితే అన్‌లోడ్ టైము బాగా సాగుతుందో దొంగ ఆ పానెల్‌లోనే ఉన్నాడు. తర్వాత సబ్బు నీళ్ళు, బ్రష్షు. ముందు కప్లింగు వాషర్లు చూడండి. నాకైతే పైపుల కంటే అక్కడే ఎక్కువ దొరికాయి.

ఒక్క మాట. పాత మెషీన్ నేమ్‌ప్లేటు మీద ఉన్నంత గాలి ఇవ్వదు. కాబట్టి మీ 25 శాతాన్ని నమ్మండి, 75 సీఎఫ్ఎంను మాత్రం పెన్సిల్‌తోనే రాసుకోండి. నాలుగో పాఠంలో రిసీవర్‌ను (గాలి నిల్వ ఉండే ట్యాంకును) ఖాళీ చేసి నింపి, అసలు సీఎఫ్ఎం తేలుద్దాం. అప్పటికి మీ రిసీవర్ ట్యాంకు ఎన్ని లీటర్లదో చూసి ఉంచండి.