పంచాంగం చూసి సముద్రపు పోటు వేళ లెక్కగట్టడం ఎలా?

గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో సముద్రపు పోటు వేళలు ఉండవు. వాటిని లెక్కగట్టడానికి కావలసిన అంకె మాత్రం రోజూ ఉంటుంది. అదే తిథి. సూర్యుడి నుంచి చంద్రుడు ఆకాశంలో 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి అయినట్టు. పోటు రోజురోజుకూ ఆలస్యం కావడానికి కారణం కూడా ఈ నడకే. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చంద్రుడు కాస్త ముందుకు వెళ్ళి ఉంటాడు. ఆయన్ని అందుకోవడానికి భూమికి ఇంకో 50 నిమిషాలు పడుతుంది.

1. ముందు చోటు చూసుకోండి

అలలు విరుచుకుపడే ఇసుక తీరం పనికిరాదు. అక్కడ ఒక అల మోకాలిదాకా వస్తే మరొకటి పాదాల దగ్గరే ఆగుతుంది. జెట్టీ మెట్లు, ఉప్పుటేరు గట్టు, మడ అడవిలోని పాయ మేలు. కాకినాడ దగ్గరి కోరింగలో అయితే కొలకర్ర కూడా అక్కర్లేదు. నీరు తీసినప్పుడు, అంటే పాటు వేళ, మడ చెట్ల శ్వాసవేర్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకుని కనిపిస్తాయి. నీరు ఎక్కే కొద్దీ ఒక్కొక్కటే మునుగుతుంది. కాండాల మీద బురద పూసినట్టున్న గీత ఎక్కడ ఆగిందో చూస్తే ఈమధ్య పోటు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసిపోతుంది.

2. అమావాస్య లేదా పున్నమి నాటి వేళ రాసుకోండి

నీరు పెరగడం ఆగి వెనక్కి మళ్ళే క్షణం కావాలి. ఇది ఆ ఒక్క చోటుకే చెల్లే అంకె. పక్క ఊరిది అరువు తెచ్చుకోకండి. నదీపాయలో లోపలికి వెళ్ళే కొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడే పోటు వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సముద్రపు లోతు, తీరం ఆకారం దాన్ని గంటల కొద్దీ అటూఇటూ జరుపుతాయి. అందుకే కళ్ళతో చూసి రాసుకోవడం తప్పదు.

3. తిథిని 50తో గుణించండి

మీ చోట అమావాస్య పోటు ఉదయం 9 గంటలకు వచ్చిందనుకుందాం. పంచమి నాడు 5 × 50 = 250 నిమిషాలు, అంటే 4 గంటల 10 నిమిషాలు కలపాలి. మధ్యాహ్నం 1:10కి పోటు. దానికి సుమారు 6 గంటల 12 నిమిషాల తరువాత పాటు, మళ్ళీ అంతే సమయానికి రెండో పోటు. రోజుకు రెండు పోట్లు ఎందుకంటే, చంద్రుడికి దగ్గరగా ఉన్న వైపు ఆకర్షణ ఎక్కువ, అవతలి వైపు తక్కువ. ఈ తేడాకు నీరు రెండు వైపులా ఉబ్బుతుంది. పున్నమి దాటాక లెక్క మళ్ళీ పాడ్యమి నుంచి మొదలుపెట్టండి.

ఆలస్యం రోజూ సరిగ్గా 50 నిమిషాలే ఉండదు. అమావాస్య, పున్నమి దగ్గర తక్కువగా, అష్టమి దగ్గర గంటకు మించి ఉంటుంది. కాబట్టి ఈ లెక్కలో అరగంట, ముప్పావుగంట తేడా మామూలే.

4. ఎంత ఎత్తు వస్తుందో అంచనా వేయండి

పోటు పుట్టించడంలో సూర్యుడి బలం చంద్రుడి బలంలో సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్య, పున్నమి నాడు ఇద్దరూ కలిసి లాగుతారు కనుక పోటు పెద్దది, అష్టమి నాడు అడ్డంగా లాగుతారు కనుక చిన్నది. అయితే అన్నిటికంటే పెద్ద పోటు సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆగి, పాడ్యమి, విదియల్లో వస్తుంది. విశాఖలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో, అదే చంద్రుడి కింద, 10 మీటర్ల వరకు ఉంటుంది. గరాటులా సన్నబడే తీరం చేసే పని అది.

చంద్రుడి దూరం కూడా మారుతూ ఉంటుంది. సుమారు 27న్నర రోజులకొకసారి దగ్గరగా వస్తాడు. అప్పుడు ఆయన పోటు బలం, దూరంగా ఉన్నప్పటి కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. ఇక మన తీరంలో అక్టోబరు, నవంబరులలో సముద్ర మట్టమే వేసవి మొదలు కంటే ఎక్కువగా ఉంటుంది కనుక అప్పటి పోటు గట్టు మీద ఇంకాస్త పైకి పాకుతుంది.

5. పాత అంకెను అప్పుడప్పుడూ సరిచూసుకోండి

పంచాంగంలోని రాహుకేతువులు చంద్రుడి బాట సూర్యుడి బాటను దాటే బిందువులు. అవి 18.6 ఏళ్ళలో ఒక చుట్టు తిరుగుతాయి. ఆ చక్రంలో చంద్రుడి పోటు సగటు కంటే 3.7 శాతం దాకా పెరిగి, అంతే తగ్గుతుంది. విశాఖలో ఇది కొద్ది సెంటీమీటర్లే. పూడిక తీసినా, కొత్త గోడ కట్టినా, ఏరు సముద్రంలో కలిసే మొగ మారినా పాయలో వేళలే మారిపోతాయి.

ఇంకా నెమ్మదైన మార్పు ఒకటుంది. పోట్ల రాపిడికి భూభ్రమణం మందగిస్తోంది, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి పగడపు శిలాజాల్లో ఏడాదికి దాదాపు 400 రోజుల ఎదుగుదల గీతలున్నాయని 1963లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ వెల్స్ లెక్కపెట్టి చూపించాడు. మీ నోటుపుస్తకానికి దానితో పని పడదు.

పని పడేది గాలితో. తిథికి తుపాను తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అష్టమి దాటిన రోజుల్లో, అంటే మామూలుగా పోటు చిన్నదిగా ఉండే వేళ వచ్చింది. పడవ తీసేముందు, నీళ్ళలో దిగేముందు మాత్రం ఈ లెక్కను పక్కనపెట్టి, హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) ఇచ్చే పోటు వేళలు, హెచ్చరికలు చూడండి.