గాలి లెక్క – మూడో పాఠం: మీటరుకు ఏ అంకె చెప్పాలి?

పోయిన పాఠంలో, టైర్ల గాలినీ వేడినీ కొలిచి డ్రైవరుకి తెర మీద చూపించే మీటరు తాలూకు సెన్సార్లను ట్రెయిలర్ టైర్ల వాల్వుల మీద బిగించి, డిస్‌ప్లేతో జత కలిపాం. తెర మీద అంకెలు కనబడుతున్నాయి. కానీ పెట్టెలోంచి తీసిన మీటరుకి మీ బండి సంగతేమీ తెలియదు. అందులో ముందే పెట్టి ఉన్న అలారం అంకెలు మామూలు కారు కోసం. 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) పట్టే కారవాన్ ట్రెయిలర్ (కారు వెనక లాగే ఇల్లులాంటి బండి) టైరుకి అవి పనికిరావు. ఈ వారం వాటిని మార్చి, దారిలో చదవడం నేర్చుకుందాం.

మీ టైరుకి ఎంత గాలి కావాలో ఒకటో పాఠంలోనే తేల్చుకున్నాం. ట్రెయిలర్ మీద కంపెనీ ప్లేటు ఉంటే అందులోని అంకె తీసుకోవాలి. గాజువాక ఆటోనగర్‌లో కట్టించుకున్నదైతే, సామానంతా ఎక్కించి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టికలో చూసుకోవాలి. ఈ పాఠానికి 60 అనుకుందాం.

ఆ 60 చల్లటి టైరులో ఉండాల్సిన గాలి. చల్లటి టైరంటే, బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, టైరు మీద ఎండ పడకూడదు. మన విశాఖ వేసవిలో ఈ రెండూ కుదిరేది పొద్దున్న ఆరు, ఆరున్నర లోపే. చిక్కేమిటంటే, మధురవాడలో బయల్దేరి హనుమంతవాక బంకులో గాలి కొట్టించేసరికి టైరు వేడెక్కిపోతుంది. అక్కడ 60 పెట్టిస్తే అసలు గాలి తక్కువైనట్టే. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఇంట్లోనే సొంత గేజీతో కొలవండి. 56 ఉంటే నాలుగు తక్కువ అని రాసుకోండి. బంకు దగ్గర అదే గేజీ ఎంత చూపిస్తే దానికి నాలుగు కలిపి కొట్టించండి. 59 చూపిస్తే 63 అన్నమాట. అందుకే సొంత గేజీ ఉండాలని మొదటినుంచీ పోరుతున్నాను.

ఇక అలారాలు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ ఈ మీటరు తప్పనిసరి చేశారు. ట్రెయిలర్లకు ఆ నిబంధన వర్తించదు. గాలి 25 శాతం తగ్గేసరికి లైటు వెలిగితే చాలని అందులో ఉంది. మన 60లో పాతిక శాతం పోతే 45. లారీ టైర్ల పని తెలిసినవాళ్లు 20 శాతం తగ్గిన టైరునే గాలి లేకుండా నడిచిన టైరుగా లెక్కేసి, రిమ్ము నుంచి విప్పి లోపల చూడందే మళ్లీ గాలి కొట్టరు. అంటే 45 దగ్గర మోగే అలారం మనకి ఆలస్యం. 15 శాతం తగ్గితే మోగేలా 51 పెట్టుకోండి. గాలి ఎక్కువైతే మోగే అలారం 25 శాతం ఎక్కువకి, అంటే 75కి. వేడి అలారం 70 డిగ్రీలకి. గాలి హఠాత్తుగా దిగిపోతే మోగే అలారం చాలా మీటర్లలో విడిగా ఉంటుంది, దాన్ని ఆపేయకండి.

అలారం పెట్టేశాం కదా అని తెరవైపు చూడడం మానేస్తే అసలు పాఠం పోయినట్టే. ఒక సంగతి చూడండి. పొద్దున్న 20 డిగ్రీల చలిలో కుడి టైరు 60 ఉంది. ఎడమదానికి సన్నటి మేకు దిగి 54కి వచ్చింది. అలారం 51కి కాబట్టి మోగదు. హైవే ఎక్కాక కుడి టైరు లోపలి గాలి 50 డిగ్రీలకి వేడెక్కితే 67 దాటుతుంది. ఎడమ టైరు గాలి తక్కువై ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. అది 60 డిగ్రీలకి చేరితే తెర మీద 63! ‘60 ఉండాలి, 63 ఉంది, ఇంకేం’ అనుకుంటాం. నిజానికి ఆ టైరు ఉడికిపోతోంది. వెనక ట్రెయిలర్ టైరు మెత్తబడినా ముందు స్టీరింగుకి తెలియదు కాబట్టి మీ చేతులూ చెప్పవు.

అందుకని ఒక్క అంకెని ఒంటరిగా చదవకూడదు. ఒకే ఇరుసు మీది కుడి ఎడమల్ని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి రెండు పీఎస్‌ఐ తేడాకి కంగారు వద్దు. పొద్దున్న శ్రీకాకుళం వైపు వెళ్తుంటే ఎండ కుడివైపు పడుతుంది, ఆ పక్క టైరు కాస్త ఎక్కువ చూపిస్తుంది. మూడు దాటి తేడా వచ్చి, తక్కువ గాలి ఉన్న టైరే ఎక్కువ వేడిగా ఉంటే పక్కకి తీసి ఆపాలి. గాలి సమానంగా ఉండి ఒక చక్రం మాత్రమే వేడెక్కుతుంటే అనుమానం బ్రేకు మీదో బేరింగు మీదో పెట్టుకోండి. వాల్వు మీద బిగించే సెన్సారు బయటి గాలికి చల్లబడుతుంది, లోపలి వేడి కన్నా తక్కువే చెబుతుంది. డిగ్రీల్ని కూడా తేడాగానే చదవండి.

అరకు దారిలో ఇదంతా ఒకేసారి పరీక్షకి వస్తుంది. ఎస్.కోట దాటేముందు పంక్చర్ షాపులో ఆగితే "ఘాట్ ఎక్కుతున్నారు కదండీ, ఓ ఐదు తగ్గించమంటారా?" అని అడగొచ్చు. వద్దనండి. వేడి టైరులోంచి గాలి తీస్తే పైన చల్లారాక ఆ మేరకు తక్కువే ఉంటుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. బయటి వాతావరణ పీడనం తగ్గడం వల్ల గేజీ ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. చలికాలంలో విశాఖలో 20 డిగ్రీలప్పుడు 60 పెట్టి, అరకులో తెల్లవారుజామున 8 డిగ్రీలప్పుడు చూస్తే చలికి మూడు తగ్గి, ఎత్తుకి ఒకటిన్నర కలిసి 58.5 కనబడుతుంది. గాలి పోలేదు. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టకుండా చిన్న గేర్లో రండి. బ్రేకు వేడి రిమ్ము మీదుగా టైరుకి ఎక్కుతుంది.

మన ఊళ్లో ఉప్పుగాలి గొడవ ఒకటి అదనం. సెన్సారు మర అల్యూమినియం అయి, వాల్వు ఇత్తడిదైతే రెండూ పట్టేసుకుంటాయి. రుషికొండ, భీమిలి వైపు బండి నిలిపేవాళ్లు నెలకోసారి విప్పి, తుడిచి, మర మీద రవ్వంత యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా ఉంచే) గ్రీజు రాయండి. మళ్లీ బిగించాక సబ్బునీళ్ల తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడండి. పంక్చర్ షాపువాళ్లయితే వేలికి ఉమ్మి రాసి పెట్టేస్తారు. పద్ధతి అదే.

ఈ వారం అభ్యాసం: పొద్దున్నే చల్లటి అంకెలు రాసుకుని, ఆనందపురం దాకా వెళ్లి, బండి ఆపగానే అన్ని టైర్ల గాలీ వేడీ పక్కనే రాయండి. ఏ టైరు ఎంత పెరిగిందో తీసివేతతో చూసుకోండి. తేడా ఎక్కువున్న టైరుని ఇంటికొచ్చాక, చల్లారాక మళ్లీ కొలవండి. జంట టైర్లున్న బళ్లలో లోపలి టైరు సంగతి వచ్చే పాఠంలో.