వరుస పంటల పెద్ద కమతాలకు దుక్కి పరికరాల ఎంపిక

పెద్ద కమతానికి దుక్కి పరికరం కొనేటప్పుడు చాలామంది తమ ట్రాక్టరు ఎంత పరికరాన్ని లాగగలదన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ఈ నేలకు ఏ లోతులో ఏ పని అవసరం, ఆ పనికి పదునున్న రోజులు ఎన్ని దొరుకుతాయి అన్న రెండు సంగతులు ముందు తేల్చుకుంటే పరికరం రకం, దాని వెడల్పు, దాన్ని లాగే శక్తి అదే వరుసలో తేలతాయి. లెక్కను తిరగేసి వేస్తే ఉన్న ట్రాక్టరుకు తగిన పరికరం దొరకవచ్చు గాని, పొలానికి తగినది దొరుకుతుందన్న భరోసా ఉండదు.

కాబట్టి ఎంపిక పారతో మొదలవ్వాలి. పైరు బాగా ఎదిగిన చోటా, గిడసబారిన చోటా, ట్రాక్టర్లు మలుపు తిరిగే గట్టు వారనా అర మీటరు లోతున గుంటలు తీసి, గుంట గోడలో పైనుంచి కిందికి మూడు నాలుగు సెంటీమీటర్లకు ఒకసారి కత్తి మొన గుచ్చుతూ రావాలి. కత్తి ఒక్కసారిగా మొరాయించిన చోట వేర్లను అడ్డుకునే గట్టి పొర మొదలైనట్టు, మళ్లీ సులువుగా దిగిన చోట ముగిసినట్టు. పత్తి వంటి పంటలో తల్లివేరు ఆ లోతుకు వచ్చి మడమలా అడ్డం తిరిగి ఉంటే సందేహానికి తావే లేదు. నేలలోకి గుచ్చి దాని గట్టితనాన్ని కొలిచే పెనెట్రోమీటరు వాడేవారు 2 మెగాపాస్కళ్ల నిరోధాన్ని వేర్లకు దాదాపు హద్దుగా తీసుకోవచ్చు, కాని ఎండిన నేలలో ఏ పొరైనా గట్టిగానే చూపిస్తుంది గనుక, నేల బాగా తడిసిన ఒకటి రెండు రోజుల తర్వాతే కొలవాలి.

గట్టి పొర కనిపించకపోతే, లోతున ఆ పొరను పగలగొట్టే సబ్‌సాయిలర్ కొనవలసిన పని లేదు. కనిపిస్తే, దాని అడుగుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దిగువన కర్రు నడిచేలా లోతు పెట్టాలి. అంతకు మించి దించితే డీజిలు ఖర్చు తప్ప ఒరిగేది ఉండదు. పొర 25 సెంటీమీటర్ల దగ్గరే ముగిస్తే మట్టిని తిరగేయకుండా చీల్చే బలమైన చీజిల్ నాగలి సరిపోతుంది. ఏ పరికరంతో చేసినా ఈ పని ఆ లోతు వరకు నేల ఆరి ఉన్నప్పుడే ఫలిస్తుంది, ఎందుకంటే తడి నేలలో కర్రు పొరను పగలగొట్టదు, వెన్నలో కత్తిలా గీత గీసి గోడలను నునుపు చేసి వెళ్లిపోతుంది. కర్రు లోతు నుంచి తీసిన మట్టిని అరచేతుల మధ్య సన్నని తాడులా పేనాలి. తెగకుండా సాగితే ఇంకా ఆగాలి. ఇంకో మాట: ఇరుసు మీద 10 టన్నులు దాటిన బరువు దుక్కి లోతుకు దిగువన కూడా నేలను నొక్కేస్తుంది, వెడల్పు టైర్లు పై పొరను కాపాడతాయి గాని ఆ లోతు నష్టాన్ని పూర్తిగా ఆపలేవు. బరువైన బండ్లు పొలమంతా తిరుగుతూనే ఉంటే ప్రతి ఏటా సబ్‌సాయిలింగ్ చేయడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

పై పొర పనికి వస్తే, మోళ్లను పూర్తిగా పూడ్చవలసిన చోట మట్టిని తిరగేసే ఎం.బి. (మోల్డ్‌బోర్డ్) నాగలికి సాటి లేదు. కాని లాగడానికి ఎక్కువ శక్తి తింటుంది, వేగం పెరిగేకొద్దీ దాన్ని లాగడానికి కావలసిన బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, నేలను బోడిగా వదిలేస్తుంది. పెద్ద మడుల్లో అదే కొనవలసి వస్తే, నడుమ చాళ్లు మిగలకుండా ఇరువైపులా తిప్పగలిగిన రివర్సిబుల్ రకమే తీసుకోవాలి. డిస్క్ హారో మోళ్లను నరికి కలుపుతుంది, అయితే ఏటా ఒకే లోతులో తిప్పితే దాని కిందనే కొత్త గట్టి పొర తయారవుతుంది. రోటవేటర్ మట్టిని పిండి చేస్తుంది. పెద్ద విస్తీర్ణంలో అది నెమ్మది, పైగా పిండి అయిన నేల మీద గట్టి వాన పడితే పెచ్చు కట్టి మొలక ఆగిపోతుంది. వాలు నేలల్లో విత్తిన తర్వాత కనీసం 30 శాతం నేల పంట చెత్తతో కప్పి ఉండాలన్నది, నేల కోతను తగ్గించే సంరక్షణ దుక్కికి వాడే కొలత, దాన్ని పాటించాలంటే హారోను ఎన్నిసార్లు తిప్పాలో ఆలోచించుకోవాలి. విత్తనం పడే పట్టీని మాత్రమే వదులు చేసి మిగతా నేలను ముట్టుకోని స్ట్రిప్ టిల్ పరికరం వరుస పంటలకు చక్కగా నప్పుతుంది. అయితే విత్తే యంత్రం ఆ పట్టీ మీదే నడవాలి గనుక, ఉపగ్రహ సంకేతాలతో ట్రాక్టరుకు రెండు మూడు సెంటీమీటర్ల తేడాకు మించకుండా దారి చూపే ఆర్‌టీకే వ్యవస్థ లేకుండా దాన్ని కొనమని నేను చెప్పను.

రకం తేలాక వెడల్పు. మీటర్లలో వెడల్పును గంటకు కిలోమీటర్ల వేగంతోనూ, మలుపులకూ మధ్యలో ఆపడానికీ పోయే సమయం తీసేయగా మిగిలే సామర్థ్యంతోనూ గుణించి 10తో భాగిస్తే గంటకు ఎన్ని హెక్టార్లో వస్తుంది. దుక్కి పనుల్లో ఆ సామర్థ్యం సుమారు 80 శాతం, అంటే లెక్కలో 0.8. 400 హెక్టార్లు, పదునున్న రోజులు 10, రోజుకు 10 గంటల పని అనుకుంటే గంటకు 4 హెక్టార్లు కావాలి. 8 కిలోమీటర్ల వేగంతో లెక్క వేస్తే 6.25 మీటర్ల వెడల్పు వస్తుంది. ఇక్కడ అంగడిలో దొరికే వెడల్పును కాకుండా విత్తే యంత్రాన్ని చూడాలి. 75 సెంటీమీటర్ల ఎడంతో 8 వరుసలు విత్తే యంత్రం వెడల్పు సరిగ్గా 6 మీటర్లు, కనుక 6 మీటర్ల పరికరం తీసుకుని నాలుగైదు గంటలు అదనంగా నడపడమే మేలు, అప్పుడు చక్రాలు ఏటా ఒకే బాటలో నడుస్తాయి.

పైరు వరుసల మధ్య కలుపు తీసే అంతరకృషి కల్టివేటర్ విషయంలో ఈ పొంతన తప్పనిసరి. 8 వరుసల విత్తే యంత్రం వెనుక 8 లేదా 4 వరుసల కల్టివేటరే నడవాలి. 6 వరుసలది నడిపితే, రెండు విత్తుడు బాటలు కలిసే చోట ఎడం కాస్త హెచ్చుతగ్గుగా ఉంటుంది గనుక, పళ్లు అక్కడి మొక్కలను వరుసగా కోసుకుంటూ పోతాయి.

శక్తి లెక్క ఇప్పుడు వేయాలి. కిలోన్యూటన్లలో లాగుడును వేగంతో గుణించి 3.6తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి: 40 కిలోన్యూటన్లు, గంటకు 7.2 కిలోమీటర్లు అయితే 80. ఇది వెనుక కొక్కెం దగ్గర కావలసిన శక్తి. ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఇంజను శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే అక్కడికి చేరుతుంది కాబట్టి 120 కిలోవాట్ల, అంటే సుమారు 160 హార్స్‌పవర్ ఇంజను కావాలి. చక్రాల జారుడు 15 శాతం దాటుతుంటే ఆ పరికరం ఆ ట్రాక్టరుకు ఎక్కువైనట్టే.

డబ్బు కట్టే ముందు సొంత పొలంలోనే, పనిచేసే వేగంతో నడిపి చూపమని అడగాలి. ట్రాక్టరును నడి మడిలో ఆపించి, పరికరం ఈ చివర నుంచి ఆ చివర దాకా వదులైన మట్టిని చేత్తో పక్కకు తోసి అడుగు చూడాలి. అడుగు ఒకే మట్టంలో ఉందా, పరికరం రెండు పక్క రెక్కల కింద లోతు మధ్యభాగంతో సమంగా ఉందా, పళ్ల మధ్య కదలని దిబ్బలు మిగిలాయా అన్నది అక్కడే తెలుస్తుంది. పై నుంచి చూస్తే ప్రతి పరికరం చేసిన దుక్కీ బాగానే కనిపిస్తుంది.