ఇంట్లో అందరికీ కలిపి ఒక డిజిటల్ పియానో: కొనేముందు ఏం చూడాలి

పిల్లలతో పాటు మీరూ నేర్చుకుందాం అనుకుంటే ముందు చూడాల్సింది కీస్ బరువు, సౌండ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు. బాక్స్ మీద టచ్ రెస్పాన్స్ (గట్టిగా కొడితే సౌండ్ పెరగడం) అని రాసుంటే సరిపోదండీ, 88 కీస్ ఉండాలి, హ్యామర్ యాక్షన్ (అసలు పియానోలోలాగా సుత్తుల బరువు వేలికి తెలిసేలా చేసిన కీస్) అని ఉండాలి. షాపులో పవర్ ఆఫ్ చేయించి ఎడమ చివర కీ, కుడి చివర కీ మెల్లగా నొక్కి చూడండి, ఎడమది కాస్త బరువుగా దిగాలి. తర్వాత ఆన్ చేసి ఒకే కీని మెల్లగా, గట్టిగా కొట్టి వినండి, తేడా బాగా తెలియాలి.

యమహా పీ-145, క్యాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10 మొదటి పియానోగా బాగానే సరిపోతాయి, మూడూ హ్యామర్ యాక్షనే. నన్నడిగితే స్పెక్స్ పక్కన పెట్టి మీ వేళ్లకి ఏది నచ్చితే అది తీసుకోండి.

స్టాండ్, పెడల్, బెంచీ ఖర్చు ముందే లెక్కేసుకోండి, చాలాసార్లు స్టాండ్ విడిగానే కొనాలి. ఎత్తు మార్చుకునే బెంచీ తప్పనిసరి, ఎందుకంటే ఏడేళ్ల పాపా వాళ్ల నాన్నా ఒకే ఎత్తులో కూర్చుంటే ఇద్దరిలో ఒకరి మోచేతులు కీస్ లెవెల్‌కి రావు. అపార్ట్‌మెంట్ అయితే హెడ్‌ఫోన్స్ జాక్ సైజు కూడా అడగండి, కొన్నిటికి లావు పిన్ కావాలి. ఇంట్లో పాడేవాళ్లుంటే ట్రాన్స్‌పోజ్ భలే పనికొస్తుంది, వాళ్ల శ్రుతికి మార్చేసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌ది అయితే మొహమాటపడకుండా 88 కీసూ ఒక్కొక్కటే నొక్కి చూశాకే డబ్బులివ్వండి.